రెండున్నర పేజీల ఊపిరి

స్వర మోసాల నిరోధక చట్టంలో ‘ఊపిరి’ అన్న మాటకు నిర్వచనం రెండున్నర పేజీలు ఉంది. ఇరవై రెండేళ్ళుగా మనుషుల గొంతుల మీద పరిశోధన చేస్తున్నదాన్ని, ఆ రెండున్నర పేజీలూ నాలుగుసార్లు చదివాను. మనిషి ఊపిరి ఎలా పీలుస్తాడో అందులో ఎక్కడా దొరకలేదు. ఎలా పీల్చకూడదో మాత్రం ఉపవిభాగాలతో సహా ఉంది.

ఆ పేజీల పుణ్యమా అని నేను ముద్దాయినయ్యాను. ఆ సంగతి తర్వాత. ముందు స్వర సమ్మతి కార్యాలయానికి ఎందుకు వెళ్ళామో చెప్పాలి.

మేము అంటే నేనూ, మైలపిల్లి నూకరత్నం గారూ. అందరూ ఆవిడను రత్నమ్మ అంటారు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపలు పాట పెట్టే మనిషి ఆవిడ. పడవల్లోంచి చేపలు దించి రాశులు పోస్తారు, కొనేవాళ్ళు చుట్టూ మూగుతారు, ఆవిడ మధ్యలో నిలబడి ‘ఒకటోసారి, రెండోసారి’ అని పాట నడిపిస్తుంది. అంతేకాదు, సముద్రం మీద ఉన్న సరంగులు, అంటే పడవ నడిపేవాళ్ళు, ఒడ్డుకు రావాలా ఆగాలా అని ఫోన్ చేసి అడిగేది కూడా ఆవిడనే. గాలి బాగోలేదని రత్నమ్మ చెబితే ఆగుతారు, రమ్మంటే వస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఒక్క అబద్ధం చెప్పలేదని హార్బర్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఆ గొంతుకు క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం పెట్టారు, దానిలోంచే ఊపిరి. ఆవిడ దాని మీద పల్చటి తువ్వాలు కప్పుకుని నా పక్కన కుర్చీలో కూర్చుంది.

“అభ్యర్థి తన సహజ స్వరంతో సమ్మతి చెప్పాలండి,” అన్నాడు తనిఖీ అధికారి త్రినాథరావు, మైకు ఆవిడ ముందుకు జరుపుతూ.

“ఆవిడకు గొంతు లేదండీ. అందుకే వచ్చాం,” అన్నాను.

“అర్థమైందండి. ఆవిడ గొంతుతో యంత్రం మాట్లాడాలంటే ఆవిడ ఒప్పుకోవాలి కదా? ఆ ఒప్పుకునేది గొంతుతో ఒప్పుకోవాలి.”

“వేలిముద్ర వేస్తుంది. సంతకం పెడుతుంది. మీ ఎదురుగా తల ఊపుతుంది.”

“తల ఊపడం స్వరం కాదు కదండీ.”

“గొంతు ఉన్నవాళ్ళకి యంత్రం గొంతు దేనికండీ మరి?”

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అదీ నాకు ఒళ్ళు మండిన విషయం. “అది నా పరిధిలోకి రాదండి,” అన్నాడు చివరికి.

నేను లేచి నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. అతను నొచ్చుకోలేదు. గది ఖాళీ అయ్యాక మెల్లగా చెప్పాడు. “మేడమ్, ఏడేళ్ళ కిందట మా నాన్నగారికి నా గొంతుతో ఫోనొచ్చింది. ‘నాన్నా, యాక్సిడెంటైంది, తొందరగా రా’ అని. ఆయన పరిగెడుతూ మెట్ల మీంచి పడ్డారు. మూడోరోజు పోయారు. నేను ఆ టైముకి ఆఫీసులో టీ తాగుతున్నాను. అచ్చం నా గొంతేనటండీ. పోయేదాకా ఆయన నమ్మలేదు, అది నేను కాదంటే.”

అలాంటివి అప్పట్లో రోజూ జరిగేవి. అందుకే ఆ చట్టం వచ్చింది. ప్రతి ఫోనులోనూ, ప్రతి స్పీకరులోనూ స్వరద్వారం అనే చిన్న తనిఖీ పెట్టారు. వినిపించేది మనిషి గొంతా, యంత్రం గొంతా అని అది పరీక్షిస్తుంది. మనిషైతే వదులుతుంది, యంత్రమైతే నోరు నొక్కేస్తుంది. గొంతు పోయినవాళ్ళ కోసం ప్రభుత్వం దయతో ఎనిమిది ఆమోదిత స్వరాలు ఇచ్చింది. ఆడవాళ్ళకు నాలుగు, మగవాళ్ళకు నాలుగు.

రత్నమ్మకు నాలుగో నంబరు ఆమోదిత స్వరం వచ్చింది.

మా ప్రయోగశాలలో చేసిన వస్తువు పేరు గొంతుపట్టీ. మెడకు రిబ్బనులా కట్టుకోవాలి. శబ్దం లేకుండా నాలుక, పెదవులు కదిపితే మెడ కండరాల కదలికను పట్టి అది మాటలు గ్రహిస్తుంది, గుండెల మీద వేలాడే చిన్న స్పీకరు పలుకుతుంది. తొమ్మిదేళ్ళు పట్టింది నాకు. స్వరం నాలుగుతో ఆవిడ హార్బర్‌లో పాట పెట్టిన మొదటిరోజు నేను కూడా వెళ్ళాను.

“ఒరే, జరగండ్రా” అని ఆవిడ పెదవులు కదిపింది. స్పీకరు “దయచేసి పక్కకు జరగండి” అంది, రైల్వే స్టేషను ప్రకటనలాగా. ఆమోదిత స్వరాలకు మర్యాద కూడా చట్టమే నేర్పింది, యాసను తనంతట తనే దిద్దేస్తాయి. కొనడానికొచ్చినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ అరిస్తే గడగడలాడిన మగవాళ్ళు. ఆవిడ పట్టీ విప్పి నా చేతిలో పెట్టి, చేపల రాశుల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ అసలు గొంతు మా దగ్గర లేక కాదు. పాటలో తగవులొస్తే తేల్చుకోవడానికి హార్బర్ సంఘంవాళ్ళు రోజూ పాటను రికార్డు చేసి దాచే అలవాటు ఉంది. పదిహేడేళ్ళపాటు రత్నమ్మ పెట్టిన పాటలు ఉన్నాయి ఆ రికార్డుల్లో. దానితో గొంతు తయారుచేశాం. ఒక్కటే చిక్కు, దానికి పాట తప్ప ఇంకేం రాదు. ‘టీ కావాలి’ అన్నా టీని వేలం వేస్తున్నట్టే ఉండేది. చివరికి ఎవరిదో పెళ్ళి వీడియోలో ఆవిడ వంటవాళ్ళను తిట్టిన పదినిమిషాలు దొరికితే, దాంట్లోంచి మామూలు మాట తీశాం. అద్భుతంగా వచ్చింది. కానీ స్వరద్వారం తెరుచుకోదు.

ద్వారం వెతికేది ఊపిరిని. మాటకు ముందు మనిషి పీల్చే చిన్న శబ్దం, వాక్యం చివర తగ్గే గాలి, మెట్లెక్కితే వచ్చే ఆయాసం. యంత్రం దొంగ ఊపిరి పెడితే అది పదేపదే ఒకేలా ఉంటుంది కాబట్టి దొరికిపోతుంది. నేనేం చేశానంటే, రత్నమ్మ మెడ మీది రంధ్రం దగ్గర బియ్యపుగింజంత మైకు పెట్టి, ఆవిడ ఊపిరినే ఆవిడ గొంతులో కలిపాను. ఆవిడ ఆయాసపడితే గొంతూ ఆయాసపడింది. ఆవిడ దగ్గితే మాట విరిగింది. ద్వారం తెరుచుకుంది.

చట్టం ప్రకారం అది హ్యాకింగ్. సహజ స్వరంతో కాక వేరే ఏ ఉపాయంతో ద్వారం తెరిచినా హ్యాకింగే. తెలిసే చేశాను. గొంతు ఆవిడది, మాటలు ఆవిడవి, ఊపిరి ఆవిడది, ఇందులో మోసం చేసిందెవరు, మోసపోయిందెవరు అని నాలో నేనే వాదించుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయన శేషగిరికి చెబితే “ఎందుకు హైమా మనకీ గొడవలు?” అన్నాడు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు, ప్రతిదానికీ అదే ప్రశ్న. మా అమ్మాయి మేఖల మాత్రం అనంతపురం హాస్టల్ నుంచి ఫోన్లో “సూపరమ్మా!” అని అరిచింది.

మర్నాడు తెల్లవారకముందే హార్బర్‌లో రత్నమ్మ పెదవులు కదిపింది.

“ఒరే, అలా గుడ్లప్పగించి సూత్తారేట్రా? జరగండి!”

జరిగారు. అందరూ ఒక్క అడుగు వెనక్కి జరిగారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను. తొమ్మిదేళ్ళ చాకిరీకి ఆ ఒక్క అడుగు చాలనిపించింది.

తొమ్మిది నెలలు అలా గడిచాయి. అక్కడితో నేను నోరు మూసుకుని ఊరుకుంటే బాగుండేది. కానీ ప్రయోగశాలల్లో మాకొక జబ్బు ఉంది. ఏదైనా పనిచేస్తే పదిమందికి చూపించనిదే నిద్రపట్టదు. ఏటా జరిగే ప్రదర్శన రోజున రత్నమ్మ గొంతును బల్ల మీద పెట్టాం. ఎవరైనా సరే వచ్చి కీబోర్డు మీద నాలుగు మాటలు కొట్టవచ్చు, అవి రత్నమ్మ గొంతులో వినిపిస్తాయి. ద్వారం తెరుచుకోవడం కూడా చూపించాలి కాబట్టి గంటసేపటి ఆవిడ ఊపిరిని ముందే రికార్డు చేసి జతచేశాం. ఆవిడను అడిగాను, “సరదాకేగా, పెట్టుకోండి మేడమ్మా” అంది. జనం ఎగబడ్డారు. అందరూ తమ పేర్లే కొట్టారు. మా డైరెక్టరు గారు తన పేరును ఒకటోసారి, రెండోసారి అని వేలం వేయించుకుని మురిసిపోయారు.

మధ్యాహ్నం కనకారావు వచ్చాడు. హార్బర్‌లో చేపలు కొనే ఏజెంటు. తీరం వెంబడి దక్షిణాన ఉన్న పూడిమడకలో, చేపలు నిలవుంచే మంచు తయారుచేసే ఫ్యాక్టరీ సొంతంగా ఉంది. అతను ఆరు పడవల పేర్లు కొట్టి, ‘హార్బర్‌లో మంచు లేదు, ఇటు రావద్దు, తిన్నగా పూడిమడక పోండి’ అని రాశాడు.

“ఇదేమిటండీ?” అన్నాను.

“సరదాకండీ. మా సరంగులకి ఇనిపిత్తే పడీపడీ నవ్వుతారు,” అన్నాడు. విన్నాడు. పెదవి విరిచాడు. “మరీ నిదానంగా ఉన్నాది మేడమ్. కొద్దిగా కంగారు కలపండి. రత్నమ్మ కంగారుపడితే ఎలాగుంటాదో సూడాల.”

కలిపాను. కంగారు మీట ముప్పై మీద ఉంటే డెబ్బైకి తిప్పాను. పైగా, వాక్యం చివర ఊపిరి తెగేలా చేస్తే ఇంకా బాగుంటుందని నేనే సలహా ఇచ్చాను. అతని ఫోను బల్ల మీదే ఉంది. అది రికార్డు చేస్తోందని నాకు తట్టలేదు.

పదకొండు రోజుల తర్వాత, గాలి బలంగా వీస్తున్న ఒక తెల్లవారుజామున, సముద్రం మీద ఆరు పడవల్లో ఫోన్లు మోగాయి. రత్నమ్మ గొంతు, రత్నమ్మ ఊపిరి, డెబ్బై పాళ్ళ కంగారు. ఆరుగురు సరంగులూ పడవలు తిప్పారు. పూడిమడకలో పెద్ద పడవలు ఆగే రేవు లేదు. ఒడ్డున కెరటాల్లో రెండు పడవలు ఢీకొన్నాయి. వాటి మధ్య ఎర్రయ్య అనే అతని కాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు. కనకారావు ఒడ్డునే నిలబడి, వేరే దారిలేని ఆ చేపలన్నీ తను చెప్పిన ధరకు కొనుక్కున్నాడు.

రత్నమ్మతో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. ఎర్రయ్య భార్య వరండాలో కూర్చుని ఉంది. తిట్టలేదు, అరవలేదు.

“నీ గొంతినీసి ఎల్లినాడు పిన్నీ,” అంది.

“నాను సెప్పలేదే అమ్మా! ఆ మాట నాది కాదు!” అంది రత్నమ్మ గుండెల మీది స్పీకరు. ఏ గొంతు వల్ల ఆ కాలు పోయిందో, సరిగ్గా అదే గొంతుతో. ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుంది.

ఆ రోజునుంచి హార్బర్‌లో రత్నమ్మ పాటకు ఎవరూ రాలేదు. సరంగులు ఆవిడ ఫోను ఎత్తడం మానేశారు.

వారం తిరక్కుండా త్రినాథరావు మా ప్రయోగశాలకు వచ్చి గొంతుపట్టీకి సీలు వేశాడు. “ఊపిరి ఎక్కడిదండీ?” అని అడిగాడు. మొత్తం చెప్పాను, డెబ్బై సంగతితో సహా. రాసుకుంటూ ఒకచోట కలం ఆపి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇక్కడినుంచే అసలు తమాషా మొదలైంది. మా లాయరు జుబేదా బేగం గారు ముందు కొంచెం నవ్వి, తర్వాత తల పట్టుకుని వివరించింది.

“మీ మీద రెండు కేసులున్నాయి హైమవతి గారూ. ఒకటి, రత్నమ్మ సమ్మతి లేకుండా ఆవిడ గొంతును నకలు చేయడం. రెండు, ద్వారాన్ని హ్యాక్ చేయడం. కనకారావు మీద ఏమీ లేదు.”

“ఏమీ లేకపోవడమేమిటి? మనిషి కాలు పోయింది!”

“అతని లాయరు ఏమంటున్నాడంటే, చట్టం కాపాడేది మనిషి గొంతును. కనకారావు వాడింది రత్నమ్మ గొంతు కాదు, యంత్రం గొంతు. యంత్రంలాగా మాట్లాడటం నేరమని ఎక్కడా లేదు. అతను తాళాలేమీ పగలగొట్టలేదు, మీరు కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు. ద్వారం తెరిచింది కూడా మీరు పెట్టిన ఊపిరే.”

“అంటే నేను చేస్తే అది రత్నమ్మ గొంతు, వాడు చేస్తే యంత్రం గొంతా?”

“అంతే.”

“ఇది మీకు బాగుందా?”

“నాకు బాగుంటే ఏం, బాగోకపోతే ఏమండీ,” అంది జుబేదా. “దారి ఒక్కటే. ఆ గొంతు రత్నమ్మదేనని సమ్మతి నమోదు కావాలి. అప్పుడే దాన్ని దొంగిలించడం దొంగతనమవుతుంది. ఆ మాటలు రత్నమ్మ చెప్పలేదని కోర్టు అనగలుగుతుంది. సమ్మతి సహజ స్వరంతో చెప్పాలి. మళ్ళీ మొదటికే వచ్చాం.”

నాకు అప్పుడే చెప్పాలనిపించింది, కానీ చెప్పడానికి సిగ్గేసింది. దారి ఉంది. స్వరపేటిక లేనివాళ్ళు గాలిని మింగి, అన్నవాహికలోంచి త్రేన్పులా పైకి తెచ్చి, దాన్నే మాటగా మలుచుకోవచ్చు. యంత్రం అక్కర్లేదు. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, వినడానికి బాగుండదు, ఒక్క గుక్కకు మూడు నాలుగు అక్షరాలకు మించి రావు. ఇదంతా నాకు మొదటిరోజునుంచీ తెలుసు. రత్నమ్మకు ఎందుకు చెప్పలేదంటే, నా దగ్గర గొంతుపట్టీ ఉంది కాబట్టి. నా వస్తువుకు మనిషి కావాలి కాబట్టి. ఈ మాట ఒప్పుకోవడం కోర్టులో నేరం ఒప్పుకోవడం కంటే కష్టమైంది.

చెప్పినప్పుడు రత్నమ్మ మొహం తిప్పేసుకుంది. పట్టీ లేదు కాబట్టి చేతులతోనే చెప్పింది. నలుగురిలో త్రేన్చడమా? నేనా? అని. రెండోరోజు వచ్చి మా వంటింట్లో పీట మీద కూర్చుంది.

మూడు నెలలు మా వంటిల్లే ప్రయోగశాల. గోళీసోడా తాగితే గాలి తేలిగ్గా పైకి వస్తుందని ఒక డాక్టరు చెబితే, రోజుకు ఆరు సీసాలు. శేషగిరి హాల్లో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ “ఇది ఇల్లా, సోడా కొట్టా?” అని విసుక్కునేవాడు. వారం తర్వాత తనే స్కూటరు మీద సోడా పెట్టె తేవడం మొదలుపెట్టాడు. పందొమ్మిదో రోజున రత్నమ్మ నోట మొదటి మాట వచ్చింది. ‘పాట’. బొంగురుగా, తడిగా, కప్ప అరిచినట్టు. ఆవిడ వెంటనే కొంగుతో నోరు మూసుకుంది. నేను మూయనివ్వలేదు. “మళ్ళీ” అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకు వేరే మాట అక్కర్లేదు, పదినిమిషాల పెళ్ళి వీడియో మొత్తం అందులో ఉంది.

విచారణ రోజున కోర్టు హాలు నిండిపోయింది. హార్బర్ సగం అక్కడే ఉంది. ఎర్రయ్య చంకకర్రలతో వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. సమ్మతి చెప్పడానికి చట్టమే వాక్యం ఇచ్చింది, అక్షరం మార్చకూడదు. ‘నేను, ఎటువంటి ప్రలోభమునకు గాని నిర్బంధమునకు గాని లోను గాక, నా స్వరమును...’ అంటూ నలభై మూడు మాటలు. రత్నమ్మ జీవితంలో అలాంటి తెలుగు మాట్లాడి ఎరగదు.

మైకు పెట్టారు. నమోదు యంత్రం ఎర్రదీపం వెలిగింది.

ఆవిడ గాలి మింగింది. “నే...ను.” మింగింది. “ఎటు...వంటి.” మింగింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ‘నిర్బంధము’ దగ్గరకు వచ్చేసరికి యంత్రం అంది, “సమయం ముగిసింది. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి.”

ఒక్క నిమిషమేనట గడువు. గొంతున్నవాళ్ళకు నలభై మూడు మాటలకు నిమిషం చాలు కదా.

రెండోసారి మొదలుపెట్టింది. “నేపథ్య శబ్దం ఎక్కువగా ఉంది. దయచేసి నిశ్శబ్ద ప్రదేశంలో ప్రయత్నించండి,” అంది యంత్రం. ఆవిడ మాటే దానికి చప్పుడు. నేను లేచి నిలబడ్డాను, జుబేదా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మూడోసారి. మెడ నరాలు తేలాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. “సమయం ముగిసింది,” అంది యంత్రం, “దయచేసి...”

న్యాయాధికారి భీమేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచారు. కిందికి వంగి ప్లగ్గు పీకేశారు. మళ్ళీ కూర్చుని, తెల్లకాగితం తీసి, కలం మూత విప్పారు.

“చెప్పమ్మా. నేను రాసుకుంటాను. నాకు తొందరేమీ లేదు.”

పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ పద్నాలుగు నిమిషాలూ హాల్లో ఒక్కరు దగ్గలేదు. నలభై మూడు మాటలూ అయ్యాక ఆవిడ ఆగలేదు. ఇంకా మింగింది. చట్టంలో లేని మాటలు.

“కోసిన... కాడి... నుంచీ... నాదే.” మళ్ళీ మింగి, వెనక బెంచీవైపు తిరిగి, “ఆ మాట... నాను... సెప్ప... లేదు... ఎర్రయ్యా.”

ఎర్రయ్య తల ఊపాడు.

“తనిఖీ అధికారి గారూ,” అన్నారు న్యాయాధికారి, “ఇది సహజ స్వరమేనా? ధ్రువీకరించాల్సింది మీరు.”

త్రినాథరావు తన చేతిలోని పరికరం చూసుకున్నాడు. ‘గుర్తించబడలేదు’ అని ఉంది దాని మీద, నాకు కూడా కనిపించింది. అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు. “సహజ స్వరమేనండి. నా చెవులతో విన్నాను,” అన్నాడు.

తీర్పు నెల తర్వాత వచ్చింది. ఆపరేషను అయిన రోజునుంచీ ఆ గొంతు నూకరత్నం గారిదే. దాన్ని దొంగిలించి మోసం చేసినందుకు కనకారావుకు మూడేళ్ళ జైలు. గొంతుపట్టీ ఆవిడకు తిరిగి ఇచ్చెయ్యాలి, స్వరద్వారం ఇక దాన్ని ఆపకూడదు. నా మీద నకలు కేసు కొట్టివేత. ద్వారాన్ని హ్యాక్ చేసిన కేసు మాత్రం నిలిచింది. ఉద్దేశం మంచిదైనా తెరిచింది తెరిచినట్టే, ఆ తెరిచిన దారిలోంచే హాని జరిగింది అని రాశారు. శిక్ష, ఏడాదిపాటు నా స్వరం నిషేధ జాబితాలో.

నిషేధ జాబితా అంటే ఏమిటో మొదటి రోజే తెలిసింది. నేను ఏ ఫోన్లో నోరు తెరిచినా స్వరద్వారం మూసుకుంటుంది. అటువైపు వాళ్ళకు “ఈ స్వరం నిషేధించబడింది” అని వినిపిస్తుంది. గ్యాస్ బుక్ చేయలేను. ఆటో పిలవలేను. బ్యాంకువాళ్ళు నా పేరు నా నోటితోనే చెప్పమంటారు, చెబితే లైను కట్. ఫిర్యాదు చేద్దామంటే ఫిర్యాదు విభాగం కూడా ఫోనే. రోజుకు పదిసార్లు కోపంతో ఊగిపోతాను. ఎర్రయ్య చంకకర్రలు గుర్తొచ్చిన రోజున మాత్రం, ఏడాది తక్కువేనేమో అనుకుంటాను.

మెసేజీలు పంపుకోవచ్చు కదా అంటారు అందరూ. పంపాను. పేరాలకు పేరాలు రాస్తే మేఖల ‘ఊ’ అని జవాబిస్తుంది. కూతురితో పోట్లాడాలంటే గొంతు కావాలి. పరీక్షలకు ముందు అది తిండి మానేస్తుంది. శేషగిరి ఫోన్ చేస్తే “బాగానే తింటున్నా నాన్నా” అంటుంది, ఆయన నమ్మేసి పెట్టేస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం రత్నమ్మ వంజరం చేప ముక్కలు పట్టుకుని వచ్చింది. మెడకు పట్టీ ఉంది. హార్బర్‌లో మళ్ళీ పాట మొదలైందని, సరంగులు ఫోను ఎత్తుతున్నారని చెప్పింది. నా మొహం చూసి, “ఏటైనాది?” అంది. చెప్పాను.

“దానికేటి? నాను మాటాడతాను. నువ్వు సెప్పు, నానంటాను.”

నంబరు కలిపి, నాకూ వినిపించేలా ఫోను స్పీకరు పెట్టి, నేను మాట్లాడేటప్పుడల్లా దాని మైకును బొటనవేలితో మూసింది. “అమ్మీ, మేకలా! నాను రత్నమ్మ పిన్నిని. మీయమ్మ పక్కనే ఉన్నాది. తిడతన్నాది.”

“ఏం తింటున్నావో అడుగు. నిజం చెప్పమను,” అన్నాను.

“ఏటి తింటన్నావే? నిజం సెప్పు. నాకాడ అబద్ధాలు సెల్లవు.”

అటునుంచి చిన్నగా, “బిస్కెట్లు,” అంది మేఖల. నేను అరిచాను. రత్నమ్మ నా అరుపును నాకంటే బాగా అరిచింది. మెస్సుకు వెళ్ళి అన్నం తినమని, జుట్టుకు నూనె పెట్టుకోమని, ఆ పనికిమాలిన స్నేహితురాలి దుప్పటి తిరిగిచ్చెయ్యమని, నేను అనని మాటలు కూడా నాలుగు కలిపి అంది. మేఖల నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. నవ్వి, “పిన్నీ, అమ్మ బావుందా? ఏడుస్తోందా?” అంది.

నేను గబగబా తల అడ్డంగా ఊపాను. లేదని చెప్పమని చేత్తో సైగ చేశాను. రత్నమ్మ నా వైపు చూసింది. ఆవిడ ఊపిరి మెడ మీది రంధ్రంలోంచి ఒకసారి లోపలికి పోయింది, స్పీకరులో వినిపించింది.

“ఏడుత్తన్నాదమ్మా,” అంది ఫోన్లో. నా వైపు తిరిగి, కళ్ళు తుడుచుకోమని కొంగు చేతిలో పెడుతూ, “ఏటి సేయమంతావు మేడమ్మా,” అంది, “ఈ గొంతుతో నాను అబద్ధం సెప్పలేను.”